మస్టరులో ఉన్న తోటికోడలు బెంగళూరులో ఉంది

అనంతపురం జిల్లాలోని ఒక పల్లె నుంచి 2025లో వచ్చిన ఉత్తరం ఇది. ఇందులోని కూలి రేటు, వంద రోజుల లెక్క, చట్టం మాటలు అప్పటి ఉపాధి హామీ చట్టానివి. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. చాలా పొడవైన ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

రాసినామెకు ముప్పై రెండేళ్లు. ఇంటర్ చదివారు. ఉపాధి హామీ పనికి వెళ్లే పదిమంది శ్రమశక్తి సంఘానికి మేటు, అంటే పని చూసి హాజరు వేసే మనిషి. హాజరు వేసే యాప్ ఆమె ఫోన్‌లోనే ఉంది. అత్త, బావగారు, తోటికోడలు, భర్త, తను, అందరి పేర్లూ ఒకే జాబ్ కార్డులో ఉన్నాయి. తోటికోడలు పిల్లల చదువు కోసం బెంగళూరు వెళ్లి అక్కడ గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పండక్కి తప్ప ఊరికి రాదు. అయినా ఏప్రిల్ నుంచి ఆమె పేరు మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో పడుతోంది. "మన కార్డే, మన ఇంటి మనిషే, సర్కారు డబ్బే. నీ చేతిలో పని, టిక్కు పెట్టడానికి నీకేం కష్టం?" అన్నారు బావగారు. రెండేళ్ల కిందట ఈమె భర్తకు ఆపరేషన్ అయితే వడ్డీకి అప్పు తెచ్చి ఆదుకున్నది ఆయనే. "ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోయినా నాకు వినిపిస్తూనే ఉంటుంది" అని రాశారు.

ఒక పేరు వేశాక రెండోదానికి కాదనలేకపోయారు. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ వచ్చి, సొంత ట్రాక్టరున్న ఒక రైతు కొడుకు పేరు కూడా వేయమన్నాడు. "మీ ఇంటిదాన్ని గురించి నేనడగలేదు, దీని గురించి నువ్వడగొద్దు" అన్నాడట. ఫొటో తీసేటప్పుడు పక్క సంఘం వాళ్లను ఇద్దర్ని పిలిచి నిలబెడుతున్నారు.

ఇదిలా ఉంటే సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. అరవై ఎనిమిదేళ్లు, వెనకా ముందూ ఎవరూ లేరు. గడ్డపార ఎత్తలేదు. తట్ట మోస్తుంది, అదీ నెమ్మదిగా. 2025-26లో కూలి రేటు 307 రూపాయలైతే వీళ్లకు పడుతున్నది 240 చుట్టుపక్కలే. "ముసలామె వల్లే కొలతలు రావట్లేదు, ఆమెను తీసెయ్" అని మిగతావాళ్లు పట్టుబడుతున్నారు. అసలు కారణం తనకు తెలుసు, నోరు తెరవలేకపోతున్నారు. త్వరలో సామాజిక తనిఖీ (పని లెక్కలను జనం ముందే సరిచూడడం) వస్తుందని ఊళ్లో చెప్పుకుంటున్నారు. "ఆపితే ఇంట్లో గొడవ, ఆపకపోతే ఊళ్లో తలెత్తుకోలేను. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మేటు పని వదిలేసి నేనూ పార పట్టుకుని అందరితో పాటు పోనా?" ఇదీ ఆమె అడిగింది.

అమ్మా, మీరు అడిగింది మేటు పని వదలడం గురించి. నేను మాత్రం పెద్దావిడతో మొదలుపెడతాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఆగుతాయి. ఆమెను వచ్చే సోమవారం పనికి రావద్దంటే ఆ వారం ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

మీకు తెలిసిన లెక్కే, ఒకసారి కాగితం మీద వేసి చూడండి. వారం చివర టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి కందకం పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. ఆ మట్టికి రేటు కడతారు. వచ్చిన మొత్తాన్ని మస్టరులో పడిన పనిదినాలతో భాగిస్తారు. ఒక వారం మీ సంఘం తవ్విన మట్టి విలువ 14,400 రూపాయలు అనుకుందాం. మస్టరులో పదిమంది, ఆరు రోజులు, మొత్తం 60 పనిదినాలు. రోజుకు 240 పడుతుంది. అదే మట్టిని నిజంగా వచ్చిన ఎనిమిది మందికే పంచితే 48 పనిదినాలు, రోజుకు 300. అంటే మనిషికి రోజుకు 60, వారానికి 360 తగ్గింది. ఎనిమిది మందికీ కలిపి 2,880. ఇప్పుడు రాని ఇద్దరి ఖాతాల్లో ఎంత పడిందో చూడండి. ఒక్కొక్కరికి 1,440, ఇద్దరికీ 2,880. రూపాయి అటూ ఇటూ లేదు.

బావగారి మాట తప్పింది ఇక్కడే. ఆ వారం సర్కారు ఇచ్చేది 14,400. రెండు దొంగ పేర్లు ఉన్నా అంతే, లేకున్నా అంతే. మీ తోటికోడలి ఖాతాలో పడిన డబ్బు ఢిల్లీ నుంచో అమరావతి నుంచో అదనంగా రాలేదు. మీ పక్కన ఎండలో తవ్విన ఎనిమిది మంది కూలిలోంచి వచ్చింది. ఆ ఎనిమిది మందిలో మీ ఆయన ఉన్నారు, ఆ పెద్దావిడా ఉంది. ఆ పెద్దావిడ తన కూలిలోంచి ఆ రాని ఇద్దరికీ ఇస్తూ, కూలి తగ్గిందన్న నింద కూడా తనే మోస్తోంది.

పెద్దావిడ నెమ్మదిగా చేయడం వల్ల అసలు తేడా రాదని నేననను. కొంత వస్తుంది. కానీ పనికి వచ్చి తక్కువ చేసేవాళ్లు, పనికే రానివాళ్లు ఒకటి కాదు. మీ సంఘంవాళ్లకు రెండోది తెలియక మొదటిదాని మీద పడ్డారు. ఆమెకు దారి చట్టంలోనే ఉంది. పని జరిగేచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. చిన్న పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది వస్తుంటే వాళ్లను చూసుకోవడానికి ఒకామెను పెట్టి మిగతావాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలి. మీ పని దగ్గర ఇవి జరుగుతున్నాయా? చాలాచోట్ల నీళ్లు ఎవరికి వాళ్లే బాటిల్‌లో తెచ్చుకుంటారు, పిల్లలు చెట్టు కింద మట్టిలో ఆడుకుంటారు. అక్కడున్న సంఘాలన్నీ కలిసి, పెద్దావిడను నీళ్లకో పిల్లలకో పెట్టమని పేర్లతో కాగితం రాసి ఇవ్వండి. అది ఒప్పుకుంటే ఆమె కూలి మీ కొలతలతో ముడిపడకుండా పోతుంది. ఒప్పుకునేలోపు ఒకటి రెండు వారాలు పట్టొచ్చు, అన్నాళ్లూ ఆమె తట్ట మోయాల్సిందే. ఆ రెండు వారాలు సంఘాన్ని ఓపిక పట్టమని అడగాలంటే మీ నోట్లోంచి నిజం కొంతైనా రావాలి. అక్కడికే వస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. వంద రోజులు మనిషికి కాదు, కుటుంబానికి. మీ ఐదుగురివీ ఒకే కార్డులో ఉన్నాయి. తోటికోడలి పేరు మీద పడే ప్రతి రోజూ ఆ వందలోంచే పోతుంది. ఆమె పేరు మీద ఇప్పటికి నలభై రోజులు పడి ఉంటే, మీ ఆయనకూ బావగారికీ అత్తగారికీ కలిపి మిగిలేది అరవై. జనవరిలో చేలో పనులు అయిపోయి చేతిలో డబ్బు లేనప్పుడు పనికి పోదామంటే కార్డులో రోజులు ఉండవు. ఈ లెక్క బావగారికి ఎవరూ చెప్పి ఉండరు. ధర్మం అధర్మం అని మొదలుపెడితే "నాకే నీతులా" అంటారు. రోజుల లెక్కతో మొదలుపెట్టండి. అది కూడా మీరు కాదు, మీ ఆయన చెప్పాలి. అన్నదమ్ములు మాట్లాడుకుంటే అది ఇంటి లెక్క. మరదలు చెబితే ఎదురు చెప్పినట్టు అవుతుంది. మన ఇళ్లు ఇంకా అలాగే ఉన్నాయి, ఏం చేస్తాం.

బావగారికి మీరు చూపించగల లాభం కూడా ఒకటుంది. చట్టం లెక్కలో కుటుంబం అంటే ఒకచోట ఉండి కలిసి తినేవాళ్లు, లేదా ఒకే రేషన్ కార్డు ఉన్నవాళ్లు. బావగారిది వేరే వంట, వేరే రేషన్ కార్డు అయితే ఆయన విడిగా జాబ్ కార్డు అడగవచ్చు. అప్పుడు ఆయనకు వంద, మీకు వంద. వంట ఒక్కటే అయితే మాత్రం ఈ దారి వదిలేయండి. ఒక అబద్ధాన్ని తీయడానికి ఇంకో అబద్ధపు కాగితం ఎందుకు?

మీ ఉత్తరంలో ఒక సంగతి ఎంత వెతికినా దొరకలేదు. ఇదంతా మీ తోటికోడలికి తెలుసా? కూలి ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడుతుంది. ఖాతా ఆమెది. ఆ డబ్బు ఆమె తీసుకుంటోందా, బావగారు తీసుకుంటున్నారా? తనిఖీలో ముందు ఆమె పేరే చదువుతారు. తెలియకుండా జరుగుతుంటే ఆమెకు చెప్పాల్సిన బాధ్యత మీది. తెలిసే జరుగుతుంటే, ఒక్క ఫోన్ కాల్‌తో "నా పేరు తీసేయండి" అని ఆమె చేతే చెప్పించవచ్చు. అది మీరు చెప్పే పది మాటల కంటే బావగారి మీద ఎక్కువ పనిచేస్తుంది.

ఆపరేషన్ అప్పు మిమ్మల్ని లోపల తింటోందని ఉత్తరం నిండా కనిపిస్తోంది. ఆయన సాయం చేశారు, కాదనలేం. ఆ బాకీ మీ దంపతులది. దాన్ని ఎనిమిది మంది కూలిలోంచి వారానికి కొంత చొప్పున తీరుస్తున్నారన్న సంగతి మీకు తట్టినట్టు లేదు. అసలెంత, వడ్డీ ఎంత, నెలకెంత ఇవ్వగలం అన్నది మీ ఆయన అన్నతో కూర్చుని తేల్చుకోవాలి. నెలకు వెయ్యి అయినా సరే, చేతికిచ్చి చిట్టీలో రాసుకోండి. బాకీకి ఒక లెక్క ఏర్పడ్డాక మస్టరు దగ్గర కాదనడం ఇప్పుడున్నంత కష్టంగా ఉండదు.

ఇక మీ ముందున్న దారులు. ఉన్నది ఉన్నట్టు నడిపిస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. సామాజిక తనిఖీ వాళ్లు ఆఫీసులో రికార్డు చూసి వెళ్లిపోయేవాళ్లు కాదు. మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. జాబ్ కార్డు చూపించమంటారు, ఎన్ని రోజులు చేశావని మనిషిని అడుగుతారు, పని దగ్గరికి పోయి టేపు పెడతారు. తర్వాత ఊళ్లో గ్రామసభ, మండలంలో ప్రజావేదిక. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994లో జన సున్‌వాయిలు (బహిరంగ విచారణలు) మొదలుపెట్టినప్పుడు కనిపెట్టిన ఉపాయం ఇదే. మస్టరులో పేర్లను ఊరి మధ్యలో పైకి చదివితే చాలు, ఎవరు పనిచేశారో ఎవరు చేయలేదో జనమే చెప్పేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పద్ధతిని తీసుకుని 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. మీ తోటికోడలు బెంగళూరులో ఉందని తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, పక్కింటి పిల్లాడిని అడిగితే చెబుతాడు. పక్క సంఘంవాళ్లను నిలబెట్టి తీసిన ఫొటోలూ ఎల్లకాలం దాగవు. హాజరు యాప్‌లో ఇలాంటివే జరుగుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. ఫొటోకు ఫొటో తీసి పెట్టడం, మస్టరులో ఉన్న సంఖ్యకూ ఫొటోలో ఉన్న తలలకూ పొంతన లేకపోవడం, ఒకే మనిషి వేరే వేరే మస్టర్లలో కనిపించడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఫొటోలు వెళ్లింది మీ ఫోన్ నుంచి. ఫీల్డ్ అసిస్టెంట్ మీకు చెప్పింది నోటిమాట, దానికి కాగితం లేదు. రికవరీ, అంటే డబ్బు తిరిగి కట్టమని రాసే రోజున మీ పేరు రాయడం తేలిక, ఆయన పేరు రాయడం కష్టం.

రెండోది మీరడిగిన దారి, మేటు పని వదిలేయడం. ఇంట్లో గొడవ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. కానీ ఏప్రిల్ నుంచి వేసిన మస్టర్లు మీ పేరు మీదే ఉంటాయి, వదిలేసినంత మాత్రాన అవి పోవు. మీ చోటులోకి ఎవరు వస్తారో కూడా ఆలోచించండి. ఆ ట్రాక్టరు రైతు చెప్పిన మనిషే వస్తే రెండు పేర్లు నాలుగు కావచ్చు, పెద్దావిడ బయటికి పోవడం ఖాయం. వదలాలనే ఉంటే తప్పుడు పేర్లు తీసేశాక వదలండి, అప్పుడు మీ తర్వాత వచ్చేవాళ్లకు చక్కటి మస్టరు ఇచ్చి పోతారు.

మూడోది, నా మొగ్గు దీనివైపే. వచ్చే మస్టరు నుంచి ఆ రెండు పేర్లూ ఉండకుండా చూడడం. దీనికి హాజరు దగ్గర గొడవపడనక్కర్లేదు. మస్టరు అనేది పని అడిగినవాళ్ల పేర్లతో వస్తుంది. పని కావాలని డిమాండ్ రాసిచ్చేటప్పుడే తోటికోడలి పేరు రాయకండి. మస్టరులో పేరే లేకపోతే టిక్కు పెట్టమని అడిగేవాళ్లే ఉండరు. "పేర్లు ఆధార్‌తో, ఫొటోతో సరిపోవాలంటున్నారు బావా, నాకు భయంగా ఉంది" అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. రెండు మూడు వారాలు ముభావంగా ఉంటారు. అన్నం దగ్గర ఒక మాట అనవచ్చు. తట్టుకోండి.

ట్రాక్టరు అబ్బాయి పేరు ఇంత తేలిగ్గా పోదు. మీరు రాయకపోయినా ఫీల్డ్ అసిస్టెంట్ రాయించగలడు. మస్టరులో వస్తే ఆ రోజుకు గైర్హాజరు వేయండి. రాని మనిషికి గైర్హాజరు వేయడం మేటు చేయాల్సిన పనే. దాని మీద మిమ్మల్ని తీసేస్తానని బెదిరిస్తే ఒంటరిగా పోరాడొద్దు. పైన వేసిన 14,400 లెక్కను సంఘం అందరికీ చూపించండి. మీ ఇంటి పేరు ముందు తీసేసి ఉంటేనే ఈ మాట చెప్పే అర్హత మీకుంటుంది, ఈ వరస తప్పకూడదు. ఎనిమిది మంది సంతకాలతో ఎంపీడీఓకు అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఉపాధి చట్టం కింద మండలంలో ప్రోగ్రాం ఆఫీసరు ఆయనే. వచ్చిన ఫిర్యాదును రిజిస్టరులో ఎక్కించి 7 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. తేల్చకపోతే జిల్లాలో ఇలాంటి ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నారు. దీనివల్ల ఫీల్డ్ అసిస్టెంటుతో చెడుతుంది, దాచను. పని ఆలస్యంగా చూపించడం, రాళ్లున్న చోటు ఇవ్వడం లాంటివి చేయవచ్చు. ఎనిమిది మంది ఒక మాట మీద ఉంటేనే ఇది చేయండి. సగం మంది వెనక్కి తగ్గేలా ఉంటే గైర్హాజరు వేసి, తనిఖీ వచ్చేదాకా ఊరుకోవడం మంచిది.

అయిపోయిన మస్టర్ల సంగతి మిగిలింది. తనిఖీ వాళ్లు వచ్చినప్పుడు వాళ్లు కనిపెట్టేదాకా ఆగాలా, మీరే చెప్పాలా? మీరే చెబితే రికవరీ తప్పదు. మీ ఇంటి పేరు మీద పడిన మొత్తం కట్టాల్సి వస్తుంది, ప్రజావేదికలో పది మంది ముందు తల వంచుకుని నిలబడాలి. కానీ ఎవరు చెబితే వేశారో, ఎప్పుడు ఆపేశారో కూడా రికార్డులోకి ఎక్కుతుంది. కనిపెట్టాక చెబితే అవే మాటలు సాకుల్లా వినబడతాయి. అందుకే ఇప్పుడే ఒక నోటుబుక్కులో ఏ వారం ఎవరి పేరు వేశారో, ఎవరు వేయమన్నారో రాసి పెట్టుకోండి. చెప్పాలో వద్దో ఆ రోజు మీరూ మీ ఆయనా నిర్ణయించుకోవచ్చు. కొన్ని ఊళ్లలో ఇలాంటివి పెద్దమనుషుల దగ్గర కూర్చుని, తీసుకున్న డబ్బు సంఘంవాళ్లకే తిరిగి పంచేసి తేల్చుకుంటారు. ఎనిమిది మందికీ అది న్యాయమే అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. అయితే రికార్డులో తప్పు అలాగే ఉండిపోతుంది. తనిఖీలో తేలితే అదే డబ్బు రెండోసారి కట్టాల్సి రావచ్చు. రికవరీ కట్టే పరిస్థితే వస్తే ఎవరి చేతికీ నోట్లు ఇవ్వకండి. మండల ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి.

మీ పథకం పుట్టిందే మీ జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మీ ఊళ్లో ఇప్పటికీ కరువు పని అనే అంటారని రాశారు. పాత కరువు పనుల్లో కాంట్రాక్టర్లు తిన్నది చూసే ఈ చట్టంలో కాంట్రాక్టరు ఉండకూడదని రాశారు. ఆ పెద్దావిడ రెండు కాలాలూ చూసి ఉంటుంది, వీలైతే ఒకసారి అడిగి చూడండి.

చివరగా, దొంగ పేర్లు తీసేసిన వారమే 300 పడకపోవచ్చు. అప్పుడు మళ్లీ అందరూ పెద్దావిడ వైపు చూస్తారు. కూలి తగ్గడానికి ఇంకో కారణం మీ గుట్ట నేల. గరుసు నేలకు ఒక రేటు, మెత్త నేలకు ఒక రేటు. గడ్డపారతో పెళ్లగించాల్సిన చోటును మెత్త నేల అని రాస్తే ఎంత తవ్వినా రేటు రాదు. పని మొదలుపెట్టే రోజునే టెక్నికల్ అసిస్టెంటును పిలిచి నేల చూపించండి, తవ్వకముందు మీ ఫోన్‌లోనే ఫొటో తీసిపెట్టుకోండి. కొలతల పుస్తకంలో ఏ నేల అని రాశారో చదివాకే కింద సంతకం పెట్టండి.